దేవునికి పాయింట్ చూపించకుండా ప్రార్థన చేయడం ఎలా

అనంతపురం వైపు బోరు వేయడం అంటే ఏమిటో తెలియని వాళ్లకు ముందు ఒక మాట చెప్పాలి. మాకు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. అందుకే చేనులోకి బోరు బండి వచ్చిన రోజు ఇంట్లో పెళ్లికి ఉన్నంత హడావుడి, పరీక్ష ఫలితాలకు ఉన్నంత టెన్షన్ ఉంటాయి. చాలామంది అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషిని పిలిపించి పాయింట్, అంటే బోరు వేయాల్సిన చోటు, పెట్టించుకుంటారు. మేం క్రైస్తవ విశ్వాసులం కదా, కొబ్బరికాయ వద్దనుకుని జియాలజిస్టును పిలిచాం. ఆయన రెండు చోట్లు చూపించాడు. నేను ఆ రెండూ కాదని మూడో చోటు పట్టుకున్నాను. అది చిన్నాన్న చేనికి ఆనుకున్న గట్టు పక్కన ఉంది. ఆయన బోరులో రెండున్నర ఇంచుల నీళ్లు ఉన్నాయి. మాకూ ఆయనకూ అప్పటికే మాటలు లేవు.

"దేవుడే ఈ చోటు నా మనసులో పెట్టాడు" అని సంఘంలో అందరికీ చెప్పాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టించాను. "ఈ పాయింట్‌లోనే నీళ్లు ఇయ్యి ప్రభువా" అని కన్నీళ్లతో అడిగాను. చివర్లో "నీ చిత్తమైతే" అని కూడా కలిపాను. 620 అడుగులు దింపారు. వచ్చింది దుమ్ము.

సాయంత్రం బండి వెళ్లిపోయాక, ప్రార్థన కూడికకు వచ్చే ఒక అవ్వ నా పక్కన కూర్చుని అన్నది: "నువ్వు దేవుణ్ణి యాడ అడిగితివి నాయనా? దేవునికే పాయింట్ చూపిస్తివి."

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. కింద రాసింది ఆ తర్వాత తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతి. నేను పాస్టర్‌ను కాను, మామూలు సంఘ సభ్యుణ్ణి. ఉద్యోగం, పెళ్లి, అప్పు, స్థలం, జబ్బు లాంటి ఏదో ఒక విషయం మీద తేల్చుకోలేక ప్రార్థిస్తున్న వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు "చిత్తం" అనే మాట

మన భాషలో ఈ మాటకు ఇంకో వాడుక ఉంది. పూర్వం దొర ముందు నిలబడ్డ మనిషి "చిత్తం" అనేవాడు. అంటే మీ మనసు ఎలా ఉంటే అలాగే, నా అభ్యంతరం లేదు అని. ప్రభువు ప్రార్థనలో "నీ చిత్తము నెరవేరును గాక" అన్నప్పుడు మనం చెబుతున్నదీ అదే. తేడా ఒక్కటే. దొర ముందు "చిత్తం" అన్న మనిషి తన కోరిక చెప్పుకోవడానికి లేదు. తండ్రి ముందు చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా.

ఈ రెండో సగం మరిచిపోయిన వాళ్లు మన సంఘాల్లో చాలామంది. కోరిక నోట పలికితే స్వార్థం అవుతుందని భయపడి, పైకి "నీ ఇష్టం ప్రభువా" అంటూ, లోపల మాత్రం ఫలానా జవాబు కోసం కాచుకుని ఉంటారు. చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద అన్న సామెత మనకూ వర్తిస్తుంది.

మొదటి మెట్టు: కోరికను ఉన్నది ఉన్నట్టు రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. పేజీ పైన తేదీ వేయండి. కింద మీకు కావాల్సింది ఒకే వాక్యంలో రాయండి. "భవిష్యత్తు గురించి" అని రాయొద్దు. "మార్చిలోపు బెంగళూరులో ఉద్యోగం రావాలి" అని రాయండి. "కుటుంబ సమాధానం కోసం" అనొద్దు. "మా అన్న నాకు క్షమాపణ చెప్పాలి" అనేదే మీ కోరిక అయితే అదే రాయండి, చదవడానికి సిగ్గుగా ఉన్నా సరే.

గెత్సెమనే తోటలో యేసు నేరుగా "నీ చిత్తమే" అనలేదు. ముందు "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్నాడు. ఆ తర్వాతే "అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" (మత్తయి 26:39). ఆయనకు ఒక ఇష్టం ఉంది, అది తండ్రి చిత్తంతో ఒకటిగా లేదని తెలిసింది, దాన్ని దాచలేదు. పైగా అదే మాటను మూడుసార్లు ప్రార్థించాడు. కాబట్టి ఒకే విషయాన్ని మళ్లీ మళ్లీ అడగడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

రెండో మెట్టు: కోరిక కింద ఏముందో తవ్వండి

రాసిన వాక్యం కింద "ఎందుకు?" అని రాసి జవాబు రాయండి. ఆ జవాబు కింద మళ్లీ "ఎందుకు?". నాలుగు సార్లు చేయండి. ఇది చెప్పినంత తేలిక కాదు. నేను బోరుకు ముందు చేసి ఉంటే రెండో "ఎందుకు?" దగ్గరే చిన్నాన్న పేరు వచ్చి ఉండేది.

రాజంపేట, రాయచోటి వైపు కువైట్ వీసా కోసం ప్రార్థన చేయించని వీధి ఉండదు. అటు నుంచి వచ్చిన ఒక సిస్టర్ మా కూడికలో వీసా కోసం ప్రార్థించమంది. కూర్చోబెట్టి అడిగాం. వీసా ఎందుకు? అప్పు తీరాలి. అప్పు ఎందుకు అయింది? పెద్దమ్మాయి పెళ్లికి. మరి ఇప్పుడు కావాల్సిన డబ్బు అప్పు తీరేంతేనా? కాదు, చిన్నమ్మాయి పెళ్లి కూడా పెద్దమ్మాయి పెళ్లిలాగే చేయాలి. అలాగే ఎందుకు? ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మా ఆడబిడ్డ ముందు తక్కువ కాకూడదని" అంది.

యాకోబు పత్రిక 4:3 చెప్పేది ఇదే: అడిగినా దొరకకపోవడానికి ఒక కారణం అడిగే ఉద్దేశం. గమనించండి, వీసా అడగడం తప్పని ఎవరమూ అనలేదు. ఆమె చివరికి కువైట్ వెళ్లింది కూడా. కానీ ఆ రోజు నుంచి ప్రార్థన అంశం మారింది. "వీసా రావాలి" పోయి, "అప్పు తీరే దారి చూపించు, ఇంకో అప్పు చేయని ధైర్యం ఇయ్యి" అయింది. పెళ్లి ఖర్చు సగానికి తగ్గించుకుంది.

మూడో మెట్టు: మూడు కుప్పలు పోయండి

నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చిన మెట్టు ఇది, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. కళ్లంలో గింజ, తాలు, పొట్టు వేరు చేసినట్టు మీ విషయాన్ని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్పలో వాక్యం ఇప్పటికే స్పష్టంగా చెప్పినవి వేయండి. దేవుని చిత్తం అనగానే మనం ఏదో దాచిపెట్టిన రహస్యం అనుకుంటాం. కానీ బైబిల్ "ఇది దేవుని చిత్తము" అని వేలు పెట్టి చూపించిన చోట్లు ఉన్నాయి. పరిశుద్ధంగా ఉండడం (1 థెస్సలొనీక 4:3), అన్ని విషయాల్లో కృతజ్ఞత చెప్పడం (5:18). మీకా 6:8లో న్యాయం, కనికరం, దీనమనస్సు. వీటి గురించి "నీ చిత్తం ఏమిటో చూపించు" అని అడగనక్కర్లేదు. "కట్నం ఎంత అడగాలో తెలియజేయి ప్రభువా" అన్న ప్రార్థన నేను చెవులారా విన్నాను. 1961లో వచ్చిన చట్టం సంగతి అటుంచండి, పొరుగువాడి ఇంటిది ఏదీ ఆశించొద్దన్న పదో ఆజ్ఞ సరిపోదా? కూలివాళ్ల బాకీ ఉంచుకుని కొత్త ఇంటి స్థలం కోసం ఉపవాసం ఉండడం కూడా ఇంతే.

బిలాము కథ ఇక్కడ చదవాలి (సంఖ్యాకాండము 22). ఇశ్రాయేలును శపించడానికి రమ్మని మోయాబు రాజు పిలిపిస్తే, మొదటిసారి అడిగినప్పుడే దేవుడు వెళ్లవద్దని చెప్పాడు. తర్వాత ఇంకా గొప్పవాళ్లు, ఇంకా ఎక్కువ ఘనత ఇస్తామంటూ వచ్చారు. బిలాము "ఈ రాత్రి ఇక్కడ ఉండండి, మళ్లీ కనుక్కుంటాను" అన్నాడు. జవాబు అప్పటికే వచ్చేసింది, మారింది ధర. ఒకే విషయం రెండోసారి అడిగేటప్పుడు నేను నన్ను ప్రశ్నించుకునేది ఇదే: మధ్యలో మారింది ఏమిటి, నా బాధా, వచ్చే లాభమా?

రెండో కుప్పలో ఇంగితంతో తేలిపోయేవి. జీతంలో సగం వడ్డీకే పోతుంటే ఇంకో చీటీ ఎత్తాలా అన్నది ప్రార్థన అంశం కన్నా ముందు లెక్క అంశం. కాగితం, పెన్ను తీసుకోండి.

మూడో కుప్పలో మిగిలేది చాలా తక్కువ. రెండు మంచి సంబంధాల్లో ఏది, ఊళ్లో ఉండి అమ్మానాన్నలను చూసుకోవాలా, బయటికి వెళ్లి డబ్బు పంపాలా, లాంటివి. నిజంగా వెదకాల్సింది ఈ గుప్పెడే.

నాలుగో మెట్టు: రెండు తట్టలూ సమం అయ్యేదాకా

19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అనాథ పిల్లల కోసం గృహాలు నడిపిన జార్జ్ ముల్లర్ గురించి మన సంఘాల్లో తెలియని వాళ్లు తక్కువ. వేలమంది పిల్లలకు తిండి, బట్ట ఆయన ప్రార్థన మీదే ఆధారపడి సమకూర్చాడు. ఆయన ఏ విషయంలోనైనా ముందు చేసే పని, ఆ విషయంలో తన హృదయానికి సొంత ఇష్టం లేని స్థితికి రావడం. కష్టంలో పదింట తొమ్మిది వంతులు అక్కడే తీరిపోతాయని ఆయన అనుభవం.

దీన్ని పరీక్షించుకోవడానికి ఒక మార్గం ఉంది. కళ్లు మూసుకుని, మీరు కోరుకోని జవాబే వచ్చిందని అనుకోండి. ఆ రోజు ఉదయం ఎలా లేస్తారు? ఎవరికి ఏమని చెబుతారు? వంటింట్లో, ఆఫీసులో ఆ రోజు ఎలా గడుస్తుంది? ఊహించగానే గుండెలో రాయి పడితే పర్వాలేదు. కోపం వస్తే మాత్రం, దేవుడి మీద కోపం వస్తే, ఇంకా తట్ట ఒకవైపే మొగ్గి ఉందని అర్థం. ఆ కోపాన్నే ప్రార్థనలో పెట్టండి. కొన్నిసార్లు వారాలు పడుతుంది.

16వ శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా సలహాలు కథోలిక సోదరులకు తెలిసే ఉంటాయి. మిగతా వాళ్లకూ పనికొస్తాయి. ఇదే సమస్యతో ఒక అపరిచితుడు వస్తే అతనికి ఏం చెబుతారో అది మీకు మీరు చెప్పుకోండి. మరణ పడక మీద ఉన్నట్టు ఊహించుకుని, అక్కడి నుంచి వెనక్కి చూస్తే ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో చూడండి. మనసు చీకటిగా, నిరుత్సాహంగా ఉన్న రోజుల్లో, అంతకుముందు వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని మార్చకండి. ఈ మూడోది నన్ను కనీసం రెండుసార్లు కాపాడింది.

ఐదో మెట్టు: ఇక మోకరించండి

అవును, ఇంతదాకా వచ్చాకే. సమయం అరగంట చాలు. కడపలో ఉన్న రోజుల్లో నేను తెల్లవారుజామున అజాన్ వినపడగానే లేచేవాణ్ణి. ఫోన్ అలారం కన్నా అదే నయం, ఎందుకంటే అలారం ఆపబోతే వాట్సాప్ తెరుచుకుంటుంది.

ప్రభువు నేర్పిన ప్రార్థన వరుసనే పట్టుకోండి. అందులో ఆహారం అడగడానికి ముందే నామం, రాజ్యం, చిత్తం వస్తాయి (మత్తయి 6). మొదటి పది నిమిషాలు మీ విషయం ఎత్తకండి. ఆయన ఎవరో, ఇంతకుముందు ఏం చేశాడో చెప్పుకోండి. తర్వాత నోట్‌బుక్ తెరిచి, రాసిన వాక్యం, దాని కింద తవ్విన నాలుగు పొరలు గట్టిగా చదవండి. తర్వాత ఇలాంటి మాటలు, మీ యాసలో:

"తండ్రీ, నాకు ఇది కావాలి. ఎందుకు కావాలో నీకు ముందే తెలుసు, నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తా ఉంది. ఇవ్వకపోతే బాధపడతాను. ఆ బాధను కూడా నీ ముందే పెడుతున్నాను. నాకు కనపడనిది నీకు కనపడుతుంది. నువ్వు వద్దంటే వద్దు. ఆ మాట వినే చెవి నాకు ఇయ్యి."

ఆ తర్వాత పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి. మనకు కష్టం ఇదే. మైకులో మూడు గంటలు ప్రార్థించగలం గానీ మూడు నిమిషాలు మౌనంగా ఉండలేం.

"ప్రభువు చిత్తమైతే" అన్న మాట గురించి ఇక్కడే చెప్పాలి. యాకోబు 4:15 అలా అనమని నేర్పుతుంది. మా పక్క అంగడి ముస్లిం అన్న ప్రతి మాటకు "ఇన్షా అల్లా" అంటాడు, అర్థం అదే. మంచి మాట. కానీ మన దగ్గర అది రకరకాలుగా పనిచేస్తుంది. పెళ్లి చూపుల తర్వాత "ప్రార్థన చేసుకుని చెప్తాం" అంటే సంబంధం నచ్చలేదని అర్థం, మధ్యవర్తికి కూడా తెలుసు. కాదనే బాధ్యతను దేవుడి మీదికి నెట్టడం చిత్తాన్ని వెదకడం కాదు.

ఆరో మెట్టు: జవాబు వినడం, విన్నామనుకోవడం

బెంగళూరు ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అని ఒక తమ్ముడు కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టాడు. యోనా గ్రంథం మొదటి అధ్యాయం వచ్చింది, లేచి నీనెవె మహా పట్టణానికి పొమ్మని. నీనెవె అంటే బెంగళూరే అని వాడి లెక్క. అదే వచనంలో మిగతా సగం, ఆ పట్టణం మీదికి రాబోయే కీడు సంగతి, వాడు చదవలేదు.

కొత్త సంవత్సరం రాత్రి తీసే వాగ్దాన కార్డును కూడా నేను ఇలాగే చూస్తాను. ప్రోత్సాహంగా గోడకు అంటించుకోండి, దాన్ని చూసి స్థలం కొనకండి. దేవుని నుంచి గుర్తు కోసం గిద్యోను నేల మీద పెట్టిన గొర్రెబొచ్చు గురించి చాలామంది చెబుతారు. కానీ అతనికి దేవుడు అప్పటికే చెప్పేశాడు (న్యాయాధిపతులు 6). బొచ్చు పెట్టింది చిత్తం తెలియక కాదు, తెలిసినదాన్ని నమ్మలేక.

మరి ఎలా వినాలి? మూడు చోట్ల నుంచి. ఒకటి, క్రమంగా చదువుతున్న వాక్యం. వేలు పెట్టి తెరిచింది కాదు, ఈ రోజు వంతుగా వచ్చిన అధ్యాయం. రెండు, మీ నిర్ణయం వల్ల లాభనష్టాలు లేని ఇద్దరు పెద్దవాళ్లు. అమ్మే స్థలం మీద కమిషన్ ఉన్న సంఘ పెద్దను అడగొద్దు. మంచివాళ్లు కూడా పొరపడతారని గుర్తుంచుకోండి. మందిరం కట్టాలని దావీదు అనగానే నాతాను ప్రవక్త అలాగే చేయమన్నాడు, ఆ రాత్రే దేవుడు ఆ మాట మార్చమన్నాడు (2 సమూయేలు 7). ఎవరైనా "దేవుడు నీ గురించి నాతో చెప్పాడు" అంటే గౌరవంగా విని, నోట్‌బుక్‌లో రాసుకుని, మిగతా వాటితో సరిచూడండి. మూడు, సమయం.

సమయం గురించి యిర్మీయా 42 కంటే మంచి పాఠం లేదు. యెరూషలేము కూలిపోయాక మిగిలినవాళ్లు ప్రవక్త దగ్గరికి వచ్చి, మేలైనా కీడైనా దేవుడు చెప్పినట్టే చేస్తామని ఒట్టు పెట్టుకున్నారు. జవాబు పది రోజుల తర్వాత వచ్చింది: ఇక్కడే ఉండండి, ఐగుప్తుకు వెళ్లొద్దు. వెంటనే "నువ్వు అబద్ధమాడుతున్నావు" అన్నారు. ఎందుకో తెలియాలంటే ముందు అధ్యాయం చివర చూడండి. అడగడానికి వచ్చే ముందే వాళ్లు ఐగుప్తు దారిలో, బేత్లెహేము దగ్గర మకాం వేసి ఉన్నారు. వాళ్లకు కావాల్సింది జవాబు కాదు, ముద్ర. బోరు బండికి అడ్వాన్సు ఇచ్చాక నేను పెట్టించిన ఉపవాస ప్రార్థన కూడా అదే.

అందుకే నా నియమం: పది రోజులు. ఆ పది రోజుల్లో అడ్వాన్సు ఇవ్వను, మాట ఇవ్వను, ఎవరికీ "దేవుడు చెప్పాడు" అని చెప్పను.

ఏడో మెట్టు: వెనక్కి తీసుకోగలిగిన అడుగు వేయండి

పది రోజులు దాటినా స్పష్టత లేకపోవచ్చు. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మంచిదనిపించిన దిక్కులో చిన్న అడుగు వేయండి. పౌలు ఆసియకు వెళ్లబోతే ఆటంకం, బితూనియకు వెళ్లబోతే ఆటంకం, అలా నడుస్తూ త్రోయ దాకా వచ్చాకే మాసిదోనియ పిలుపు (అపొస్తలుల కార్యములు 16). నడుస్తున్నవాడికే దారి మళ్లింది.

మూసుకున్న తలుపు ఎప్పుడు మంచిదో అప్పటికప్పుడు కనిపించదు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో బావులు తవ్విస్తూ పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు విసెంతె ఫెర్రర్ 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. తిరిగి వచ్చాక 1969లో అనంతపురం చేరాడు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే పనిచేశాడు. ఆయన సంస్థ పెట్టిన బత్తలపల్లి ఆసుపత్రికి మందుల కోసం వెళ్లే మా ఊరివాళ్లకు మన్మాడ్ ఎక్కడుందో కూడా తెలియదు.

ఎనిమిదో మెట్టు: "వద్దు" అన్నప్పుడు

దావీదు జబ్బుపడ్డ తన బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసం ఉన్నాడు. బిడ్డ చనిపోయింది. అతను లేచి, స్నానం చేసి, మందిరానికి వెళ్లి, తర్వాత భోజనం అడిగాడు (2 సమూయేలు 12). సేవకులకు అర్థం కాలేదు. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని మూడుసార్లు అడిగాడు. వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ఈ ఇద్దరికీ విశ్వాసం తక్కువైందని ఎవరూ అనరు. మరి మన సంఘంలో జబ్బు తగ్గని సిస్టర్‌తో ఆ మాట ఎందుకంటాం?

జబ్బు విషయంలో ఇంకో సంగతి. దేవుని చిత్తానికి అప్పగించడం అంటే మాత్రలు ఆపడం కాదు. షుగరు, బీపీ, ఫిట్స్, మనోవ్యాధి మందులు డాక్టరు చెప్పకుండా ఆపొద్దు, ఏ సభలో ఎవరు స్వస్థత ప్రకటించినా సరే. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి పెట్టిన మిషనరీలు ప్రార్థన చేయడం తెలియనివాళ్లు కాదు.

నోట్‌బుక్ సంగతి

ప్రతి పేజీలో కుడివైపు ఒక గడి ఖాళీగా వదలండి. ఆరు నెలలకోసారి వెనక్కి తిప్పి ఏం జరిగిందో రాయండి. కొన్ని గడులు ఖాళీగానే ఉంటాయి. నా పుస్తకంలో "నాలుగో బోరు వేయాలా?" అన్న పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. ఆ చేనులో వానకే శెనక్కాయ, కంది వేస్తున్నాం. మూడో బోరు గుంత మీద బండ మూసి ఉంది.

దాని తర్వాతి పేజీలో "చిన్నాన్నతో మాట్లాడాలా?" అని రాసి, కింద "చిత్తం తెలియజేయి ప్రభువా" అని కూడా రాశాను. మూడు కుప్పలు పోసేటప్పుడు అది మొదటి కుప్పలోకి వెళ్లిపోయింది. పేజీ కొట్టేసి, అదే సాయంత్రం బండి తీశాను. చిన్నమ్మ తలుపు తీసి, ఏమీ అడగకుండా కాళ్లకు నీళ్లు ఇచ్చింది. రాత్రి అక్కడే సంగటి తిన్నాను. బోర్ల మాట ఇద్దరమూ ఎత్తలేదు.